ముందు మైకు దాకా

1969 డిసెంబరు ఆఖరి వారంలో అమెరికా బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి స్థానం ‘సమ్‌డే వియ్ విల్ బి టుగెదర్’ అనే పాటది. ఆ దశాబ్దంలో అక్కడ అగ్రస్థానానికి చేరిన చివరి పాట అదే. రికార్డు మీద ‘డయానా రాస్ అండ్ ది సుప్రీమ్స్’ అని ఉంది. ముగ్గురమ్మాయిలు విడిపోయే ముందు కలిసి పాడిన వీడ్కోలు పాట అనుకుని జనం కొనుక్కున్నారు. నిజానికి ఆ ముగ్గురిలో పాటలో ఉన్నది డయానా ఒక్కరే. వెనక వినిపించే ఆడగొంతులు మాక్సిన్ వాటర్స్, జూలియా వాటర్స్ అనే అక్కచెల్లెళ్లవి. మధ్యమధ్యలో పలికే మగగొంతు నిర్మాత జానీ బ్రిస్టల్‌ది. డయానాకు ఊపు రావాలని ఆయన పక్కగదిలోంచి మైకులో మాటలందిస్తుంటే అవి కూడా టేపులోకి ఎక్కాయి. బాగుందని అలాగే ఉంచేశారు.

ఈ సంగతి తెలిసి చాలామంది ఆశ్చర్యపోతారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. సినిమా పాటల్లో కోరస్ పాడి బతికినదాన్ని. పెద్ద గాయని వచ్చే లోపు ట్రాక్ పాడి పెట్టడం, ఆవిడ వచ్చి పాడాక మన గొంతు చెరిపేయడం, పాట హిట్టయితే ఇంట్లో రేడియో దగ్గర కూచుని ‘ఆ హమ్మింగ్ నాదే’ అని పిల్లలకు చెప్పుకోవడం, ఇవన్నీ నాకు మామూలే. రేడియోలో పాట వేసే ముందు గాయకుల పేర్లు చదివి చివర ‘బృందం’ అనేవారు. ఆ ఒక్క మాటలో మేం పదిమందీ సర్దుకునేవాళ్లం.

అందుకే అమ్మాయిల బృందంలోంచి ఒక్కతే బయటికొచ్చి తార అయిందన్న కథ ఎక్కడ విన్నా నా చెవి ఆ ఒక్కతె మీద కాకుండా మిగతావాళ్ల మీదికి పోతుంది. ఇలాంటి కథలన్నిటికీ పెద్దక్క డయానా రాస్‌ది. అది ఎలా జరిగిందో రికార్డులు వరసగా పెట్టుకుని వింటే చెవికే తెలిసిపోతుంది.

నలుగురు బడిపిల్లలు

డయానా 1944 మార్చి 26న డెట్రాయిట్‌లో పుట్టింది. ఆరుగురు పిల్లల్లో రెండోది. కార్ల ఫ్యాక్టరీల ఊరు అది. దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి చేలు వదిలి, కూలి కోసం ఉత్తరానికి వచ్చిన నల్లజాతి కుటుంబాలతో నిండిపోయింది. డయానాకు పద్నాలుగేళ్లప్పుడు వాళ్ల కుటుంబం బ్రూస్టర్-డగ్లస్ అనే ప్రభుత్వ గృహ సముదాయానికి మారింది. ఫ్లోరెన్స్ బల్లార్డ్, మేరీ విల్సన్ కూడా అక్కడి పిల్లలే.

మొదట ఇది డయానా బృందం కాదు. ఆ ఊళ్లో ‘ప్రైమ్స్’ అనే మగపిల్లల బృందం ఉండేది. వాళ్లలో ఇద్దరు తరవాత ‘టెంప్టేషన్స్’లో పెద్దపేరు తెచ్చుకున్నారు. ఆ ప్రైమ్స్ మేనేజరుకు, జోడీగా ఆడపిల్లల బృందం కూడా ఒకటుంటే బాగుంటుందనిపించింది. ముందు దొరికింది ఫ్లోరెన్స్. ఫ్లోరెన్స్ మేరీని పిలిచింది. ప్రైమ్స్‌లో పాడే పాల్ విలియమ్స్ డయానాను తెచ్చాడు. నాలుగో అమ్మాయి బెట్టీ మెగ్లోన్. 1959లో ‘ప్రైమెట్స్’ అన్న పేరుతో మొదలుపెట్టారు.

గొంతుల సంగతి చెప్పాలి. ఫ్లోరెన్స్‌ది చర్చిలో పాడి గట్టిపడిన నిండు గొంతు. స్టూడియోలో ఆమెను మైకుకు బాగా దూరంగా నిలబెట్టేవారని చెబుతారు. ఇది నేను నమ్ముతాను. మా కోరస్‌లో కూడా గొంతు పెద్దదైన అమ్మాయిని రెండడుగులు వెనక్కి జరగమనేవారు. మేరీది మెత్తని గొంతు, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది. డయానాది సన్నం, కాస్త ముక్కుతో పలికే గొంతు. ఎవరి గొంతు గొప్పదని ఆ వీధిలో అడిగితే ఫ్లోరెన్స్ పేరే చెప్పేవారు.

పనిలేకపోయినా రోజూ హాజరు

అదే 1959 జనవరిలో డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ అనే యువకుడు ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని పాటల కంపెనీ పెట్టాడు. అదే మోటౌన్. వెస్ట్ గ్రాండ్ బూలెవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు కొని స్టూడియోగా మార్చాడు. ఇంటి ముందు ‘హిట్స్‌విల్ యూఎస్ఏ’ అని బోర్డు కట్టాడు. అంతకుముందు ఆయన ఫోర్డ్ వాళ్ల ఫ్యాక్టరీలో కార్లు బిగించే పనిచేశాడు. ఒక చివర ఉత్త ఇనపచట్రం ఎక్కితే రెండో చివర మెరిసే కారు దిగుతుంది. పాటగాళ్లను కూడా అలా తయారు చేయొచ్చన్నది గోర్డీ ఆలోచన. వీధిలోంచి పిల్లలు ఈ చివర లోపలికొస్తారు, ఆ చివర తారలై బయటికెళ్తారు.

డయానా పాతింటి పొరుగువాడు స్మోకీ రాబిన్సన్ అప్పటికే మోటౌన్‌లో పెద్ద పాటగాడు. ఆయన సాయంతో 1960లో నలుగురూ గోర్డీ ముందు పాడారు. బడి చదువు అయ్యాక రమ్మని గోర్డీ పంపేశాడు. స్మోకీకి మాత్రం ఆ రోజు లాభమే జరిగింది. పిల్లల వెనక గిటారు వాయించిన మార్వ్ టార్ప్లిన్‌ను తన బృందంలోకి తీసుకున్నాడు.

పిల్లలు ఊరుకోలేదు. బడి అవగానే రోజూ హిట్స్‌విల్‌కు వెళ్లి వరండాలో కూచునేవారు. ఏదో పాటకు చప్పట్లు కావాలంటే కొట్టారు. ఇంకెవరికో వెనక హమ్మింగ్ కావాలంటే పాడారు. చివరకు 1961 జనవరిలో ఒప్పందం రాశారు. ప్రైమెట్స్ అన్న పేరు మార్చాలన్నారు. ఇచ్చిన చీటీలోంచి ‘సుప్రీమ్స్’ అన్న పేరు ఎంచింది ఫ్లోరెన్స్. మిగతావాళ్లకు అది మొదట్లో నచ్చలేదు. అప్పటికే బెట్టీ వెళ్లిపోయి బార్బరా మార్టిన్ వచ్చింది. 1962లో ఆమె కూడా వెళ్లడంతో ముగ్గురు మిగిలారు.

ఆ తొలి ఏళ్లలో ముగ్గురూ వంతులవారీగా ముందు పాడారు. 1961లో వచ్చిన ‘బటర్డ్ పాప్‌కార్న్’లో ప్రధాన గాయని ఫ్లోరెన్సే. ఏ పాటా ఆడలేదు. ‘హిట్టు లేని సుప్రీమ్స్’ అని కంపెనీలోనే వెక్కిరించేవారు. డయానా కాస్ టెక్నికల్ హైస్కూల్లో దుస్తుల డిజైనింగ్ చదువుతూ, హడ్సన్స్ అనే పెద్ద దుకాణం క్యాంటీన్‌లో పనిచేస్తూ, బృందం బట్టలు కొన్ని తనే కుడుతూ ఉండేది.

ఎవరూ వద్దన్న పాట

1964లో హోలండ్ సోదరులు ఇద్దరూ, లమాంట్ డోజియర్ అనే ఇంకొకరూ కలిసి ఒక బాణీ కట్టారు. కంపెనీలో పేరున్న మార్వెలెట్స్ బృందానికి వినిపిస్తే వాళ్లకు నచ్చలేదు. హిట్టు లేని సుప్రీమ్స్‌కు ఎంచుకునే హక్కు ఎక్కడిది? వాళ్ల నెత్తిన పడింది. వాళ్లకూ నచ్చలేదు. అదే ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’.

ఇక్కడ ఒక చిన్న శ్రుతి తేడా చరిత్ర మార్చింది. పక్కవాద్యాల ట్రాక్‌ను మార్వెలెట్స్ గాయని గ్లాడిస్ హోర్టన్ గొంతుకు సరిపోయేలా ముందే రికార్డు చేసి ఉంచారు. అది డయానా మామూలుగా పాడే స్థాయికి కింద ఉంది. పైకెళ్లి కీచుమనే ఆమె గొంతు ఆ కింది శ్రుతిలో మెత్తబడింది. అరుపు లేదు, అలంకారం లేదు. చెవి దగ్గరికొచ్చి చెప్పినట్టు ఉంది. ముందు మేరీ చేత పాడిద్దామన్న ఆలోచన కూడా జరిగింది. చివరికి డయానాకు ఇచ్చారు. వెనకనున్న ఇద్దరికీ కట్టుదిట్టమైన స్వరమేళనం రాయాలనుకున్నారు గానీ, గొడవలతో విసిగి ఒకే మాటను తిప్పితిప్పి పాడమన్నారు. తాళానికి ఒకతను చెక్క పలకల మీద కాళ్లతో తొక్కాడు.

1964 ఆగస్టులో అది మొదటి స్థానానికి చేరింది. ఆ వేసవిలో సుప్రీమ్స్ డిక్ క్లార్క్ అనే టీవీ వ్యాఖ్యాత నడిపే బస్సు యాత్రలో ఊరూరా పాడుతున్నారు. బయల్దేరినప్పుడు పోస్టరులో అడుగున ఉన్నవాళ్లు యాత్ర ముగిసేసరికి పైకొచ్చారు. ఆ తరవాత వరసగా మరో నాలుగు పాటలు మొదటి స్థానంలో నిలిచాయి. 1969 దాకా లెక్కేస్తే మొత్తం పన్నెండు. అందులో మొదటి పదీ ఆ ముగ్గురు రచయితలవే.

ఈ గొంతే ఎందుకు పనికొచ్చింది? ఆ రోజుల్లో అమెరికా కుర్రకారు పాట విన్నది కార్లలోనూ, జేబులో పట్టే ట్రాన్సిస్టర్లలోనూ. చిన్న స్పీకరులో బరువైన నిండుగొంతు ముద్దగా అయిపోతుంది. సన్నని గొంతు డ్రమ్ముల్ని, గిటార్లని చీల్చుకుని బయటికొస్తుంది. మోటౌన్ వాళ్లు ఈ లెక్క తెలిసినవాళ్లు. తుది మిక్సింగ్‌ను కారు రేడియో స్పీకరంత చిన్నదాంట్లో విని సరిచూసేవారు. కోరస్‌లో నిలబడ్డప్పుడు ఒకరి గొంతు బయటికొస్తే రికార్డింగ్ ఇంజనీరు ఆపేసి, ‘ఎవరిదో ఒక గొంతు బయటికొస్తోందమ్మా’ అంటాడు. అక్కడ అది తప్పు. ముందు మైకులో అదే గుణం. డయానాకు ఉన్నది ఆ బయటికొచ్చే గొంతు.

ఆమె దానితో ఆగిపోలేదు. మోటౌన్‌లో తారల్ని తీర్చిదిద్దే విభాగం ఒకటుండేది. ఎలా నడవాలి, ఎలా కూచోవాలి, విలేకరితో ఎలా మాట్లాడాలి అన్నవి మాక్సిన్ పావెల్ నేర్పేవారు. అడుగులు, చేతుల కదలికలు చోలీ ఆట్కిన్స్ నేర్పితే, వేదిక మీద సంగీతం మారిస్ కింగ్ చూసుకునేవారు. రాజుల ముందైనా రాష్ట్రపతుల ముందైనా నిలబడగలగాలన్నది పావెల్ పట్టుదల. అప్పటికి అమెరికా దక్షిణాదిలో నల్లజాతివాళ్లు తెల్లవాళ్ల హోటల్లో తినడానికి కూడా ఉద్యమాలు చేస్తున్నారు. ఆ కాలంలో మెరిసే గౌన్లలో ముగ్గురు నల్లజాతి అమ్మాయిలు ఆదివారం రాత్రి ఎడ్ సల్లివన్ టీవీ కార్యక్రమంలో దేశం మొత్తానికి కనపడటం చిన్న సంగతి కాదు. 1966లో వాళ్ల ‘ఏ గో-గో’ ఆల్బం బీటిల్స్ ‘రివాల్వర్’ను దించి మొదటి స్థానంలోకి వచ్చింది. ఆల్బంల పట్టికలో ఆడవాళ్ల బృందం అగ్రస్థానానికి చేరడం అదే మొదలు.

పేరు ముందుకు, మనుషులు వెనక్కి

ఇప్పుడు అసలు సంగతి. సోలో గాయనిగా డయానా ప్రయాణం 1970లో మొదలైందని పుస్తకాలు రాస్తాయి. రికార్డులు వింటే అది 1964లోనే మొదలైనట్టు వినిపిస్తుంది. ఆ మొదటి హిట్టు తరవాత విడుదలైన సింగిల్స్ అన్నిటిలోనూ ముందు పాడింది డయానాయే. ఫ్లోరెన్స్, మేరీ పాడే భాగాలు పాట పాటకూ చిన్నవయ్యాయి. వేదిక మీద ఫ్లోరెన్స్‌కు పేరు తెచ్చిన ‘పీపుల్’ పాట కూడా కొన్నాళ్లకు డయానా చేతికొచ్చింది.

గోర్డీకి డయానాతో వ్యక్తిగత అనుబంధమూ ఉంది. ఇది దాచిన విషయం కాదు, వాళ్లకో కూతురు. అందువల్లే ఆమె ముందుకొచ్చిందని తేల్చేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అభిమానం ఉంటే మైకు ఇప్పించొచ్చు. పన్నెండుసార్లు దేశం చేత కొనిపించడం అభిమానం వల్ల కాదు. వ్యాపారి కళ్లతో చూస్తే గోర్డీ లెక్క సూటిగానే ఉంది. బృందం ఒకటైతే ఒక ఆదాయం. అందులోంచి ఒకరిని విడదీసి, మిగిలిన బృందాన్ని కూడా నిలబెడితే రెండు ఆదాయాలు.

1967లో ఆ లెక్క బయటపడింది. బృందం పేరు ‘డయానా రాస్ అండ్ ది సుప్రీమ్స్’గా మారింది. అదే ఏడాది జులైలో, లాస్‌వేగాస్ ఫ్లమింగో హోటల్లో కార్యక్రమాలు జరుగుతుండగానే ఫ్లోరెన్స్‌ను తప్పించి సిండీ బర్డ్‌సాంగ్‌ను నిలబెట్టారు. ఫ్లోరెన్స్ తాగుడుకు అలవాటు పడిందని, కార్యక్రమాలకు రావడం లేదని కంపెనీ వాదన. అది అబద్ధం కాదు. తను పేరు పెట్టిన బృందంలో తనే ‘అండ్’ అనే మాట తరవాత మిగిలిపోయిన మనిషి తాగడం మొదలుపెట్టిందంటే, కారణం ఏదో, ఫలితం ఏదో విడదీయడం నా వల్ల కాదు.

ఆ సంవత్సరమే హోలండ్, డోజియర్ బృందం రాయల్టీల తగాదాతో మోటౌన్ నుంచి తప్పుకోవడం మొదలైంది. కొత్త రచయితలు వచ్చారు. 1968లో ‘లవ్ చైల్డ్’ మొదటి స్థానానికి వెళ్లింది. దాంట్లో వెనక పాడింది మేరీ, సిండీ కాదు. ‘ఆండాంటెస్’ అనే మోటౌన్ సొంత కోరస్ ముగ్గురు: జాకీ హిక్స్, మార్లీన్ బారో, లువేన్ డెంప్స్. ఈ ముగ్గురూ మోటౌన్‌లో దాదాపు ప్రతి పెద్ద గాయకుడి వెనకా ఉన్నారు. ప్రపంచమంతా విన్న గొంతులు, ప్రపంచంలో ఎవరికీ తెలియని పేర్లు. వాద్యకారులదీ అదే పరిస్థితి. జేమ్స్ జేమర్సన్ బేస్ గిటారు లేకుండా సుప్రీమ్స్ పాటల్ని ఊహించలేం. మోటౌన్ ఆల్బం అట్ట మీద ఆ వాద్యకారుల పేర్లు అచ్చయింది 1971లో, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’తోనే.

సుప్రీమ్స్ రికార్డులో సుప్రీమ్స్ ఉండరు, ఆండాంటెస్ ఉంటారు. వేదిక మీద మేరీ, సిండీ నిలబడి, ఆండాంటెస్ పాడినది తాము పాడతారు. అంటే 1969 నాటికి ‘సుప్రీమ్స్’ అన్నది ముగ్గురు స్నేహితురాళ్ల పేరుగా మిగల్లేదు. కంపెనీ ఆస్తి అయింది. చట్టప్రకారం కూడా ఆ పేరు మోటౌన్‌దే. తరవాత ఏళ్లతరబడి మేరీ విల్సన్ కోర్టుల్లో పోరాడింది ఈ పేరు కోసమే.

మొదట్లో చెప్పిన ఆ వీడ్కోలు పాట కూడా ముందు డయానా సోలో రికార్డుగా తయారైందే. బృందం ఆఖరి పాటగా బాగా అమ్ముడుపోతుందని గోర్డీ దాని మీద సుప్రీమ్స్ పేరు వేయించాడు. ఆయన లెక్క తప్పలేదు.

తొలి అడుగు తడబాటు

1970 జనవరి 14న లాస్‌వేగాస్ ఫ్రాంటియర్ హోటల్లో ఆఖరి కార్యక్రమం. అదే వేదిక మీద డయానా స్థానంలో రాబోయే జీన్ టెరెల్‌ను ప్రేక్షకులకు పరిచయం చేశారు. ఇక డయానా పని సులువనే అందరూ అనుకున్నారు. ఆమె మొదటి సోలో సింగిల్ పట్టికలో ఇరవయ్యో స్థానం దగ్గరే ఆగింది. మరోవైపు ఆమె లేని సుప్రీమ్స్ ఆ ఏడాది రెండు పాటల్ని మొదటి పదిలోకి తీసుకెళ్లారు. గోర్డీకి కంగారు పుట్టే ఉంటుంది.

డయానా తొలి ఆల్బం బాధ్యత నికొలస్ ఆష్‌ఫర్డ్, వలెరీ సింప్సన్ అనే జంటది. వాళ్లు తమ పాతపాట ‘ఎయింట్ నో మౌంటెన్ హై ఇనఫ్’ను తిరగరాశారు. 1967లో మార్విన్ గే, టామీ టెరెల్ కలిసి పాడిన చిన్న యుగళగీతం అది. కొత్తదాన్ని ఆరు నిమిషాలకు సాగదీశారు. డయానా చాలాసేపు పాడదు, మాట్లాడుతుంది. వెనక కోరస్ మెట్టు మెట్టుగా లేస్తుంది. అందరూ ఎదురుచూసే పల్లవి దాదాపు చివర్లో వస్తుంది. గోర్డీకి ఇది నచ్చలేదు. పల్లవి ముందుకు తెమ్మన్నాడు. జంట ఒప్పుకోలేదు. రేడియోవాళ్లే ఆల్బంలోంచి ఆ పాటను తమకు తోచినట్టు కుదించి వేయడం మొదలుపెడితే కంపెనీ దిగొచ్చి సింగిల్‌గా విడుదల చేసింది. సెప్టెంబరులో మొదటి స్థానం.

నా బోటివాళ్లకు ఈ పాట ఒక పాఠం. డయానా గొంతులో లేని బలం గురించి ఆ జంట బాధపడలేదు. గుసగుసలా మాట్లాడటం ఆమెకు బాగా వచ్చు కాబట్టి మాట్లాడించారు. ఎత్తుకు వెళ్లాల్సిన బరువంతా కోరస్ మీద పెట్టారు. కొండ ఎక్కింది కోరస్, కొండ మీద నిలబడి కనిపించింది డయానా. ఆ కోరస్‌లో ఆష్‌ఫర్డ్, సింప్సన్‌తో పాటు ఎవరున్నారు? మళ్లీ ఆండాంటెస్సే. ఒంటరి గాయనిగా ఆమె తొలి విజయం వెనక ఆమె పాత బృందం పాటల్లో వెనక పాడినవాళ్లే ఉన్నారు.

తారగా నిలవడం

సోలోగా ఒక హిట్టు కొట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇరవై ఏళ్లు నిలవడం వేరే విద్య. డయానా ప్రతి నాలుగైదేళ్లకూ తనను మార్చుకుంది. 1972లో ‘లేడీ సింగ్స్ ద బ్లూస్’ సినిమాలో జాజ్ గాయని బిల్లీ హాలిడే పాత్ర వేసింది. పాటగత్తెకు అంత బరువైన పాత్రా అని పెదవి విరిచినవాళ్లున్నారు. ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1976లో ‘లవ్ హ్యాంగోవర్’తో డిస్కో డ్యాన్స్ ఫ్లోర్లలోకి దిగింది. 1981లో లయొనల్ రిచీతో పాడిన ‘ఎండ్‌లెస్ లవ్’ తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. సోలోగా, ఈ యుగళగీతంతో కలిపి, మొత్తం ఆరు పాటలు అగ్రస్థానానికి వెళ్లాయి.

1980 నాటి ‘డయానా’ ఆల్బం సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. షిక్ బృందానికి చెందిన నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ దానికి పాటలు రాసి నిర్మించారు. వాళ్ల పద్ధతిలో గొంతు కూడా వాద్యాల్లో ఒకటి. గిటారు, బేసు ఎంతో, పాట అంతే. టేపు విన్న డయానాకు తన గొంతు వెనకబడినట్టు అనిపించింది. మోటౌన్ ఇంజనీరు రస్ టెర్రానాతో కూచుని మొత్తం ఆల్బం మళ్లీ మిక్సింగ్ చేయించింది. గొంతు ముందుకు తెచ్చారు, కొన్నిచోట్ల వేగం పెంచారు. షిక్ వాళ్లు నొచ్చుకున్నారు. ఆల్బం మాత్రం ఆమె సోలో జీవితంలోనే ఎక్కువ అమ్ముడైన వాటిలో చేరింది. ‘అప్‌సైడ్ డౌన్’ నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది. చాలా ఏళ్ల తరవాత, 2003లో, షిక్ వాళ్ల పాత మిక్సింగ్‌ను కూడా విడుదల చేశారు. రెండూ పక్కపక్కన వింటే సోలో అంటే ఏమిటో ఒక్క పూటలో తెలుస్తుంది. పాట అదే, గొంతు అదే, వాద్యాలవే. గొంతు హెచ్చుతగ్గులు చేసే మీటను, అంటే ఫేడర్‌ను, ఎంత పైకి తోశారన్నదే అసలు తేడా. 1964లో ఆ ఫేడర్ వేరేవాళ్ల చేతిలో ఉంది. 1980లో ఆమె చేతిలోకి వచ్చింది.

1981లో మోటౌన్ వదిలి ఆర్‌సీఏ కంపెనీకి వెళ్లింది. 2 కోట్ల డాలర్ల ఒప్పందమని పత్రికలు రాశాయి. 1983 జులైలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉచిత కచేరీ పెడితే లక్షల్లో జనం వచ్చారు. గాలివాన ముంచెత్తింది. తడిసి ముద్దవుతూనే, తోపులాట లేకుండా మెల్లగా ఇళ్లకు వెళ్లండని మైకులో చెబుతూ నిలబడింది. మర్నాడు వచ్చి కచేరీ మళ్లీ చేసింది. గొంతు సన్నమైనా గుండె సన్నం కాదని ఆ వీడియో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 1989లో మోటౌన్‌కు తిరిగొచ్చింది. ఈసారి గాయనిగానే కాదు, కంపెనీలో వాటాదారుగా కూడా.

ఇంత చేసినా ఒక్క పాటకు గానీ ఆల్బంకు గానీ గ్రామీ పోటీలో ఆమె గెలవలేదు. 2012లో జీవితకాల గౌరవంగా ఇచ్చారు. 2016లో అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడం అందుకుంది.

మిగిలిన ఇద్దరు

ఫ్లోరెన్స్ 1968లో మోటౌన్‌తో లెక్కలు తేల్చుకుంది. తాను సుప్రీమ్స్‌లో పాడానని ప్రచారంలో చెప్పుకోకూడదన్నది అందులో ఒక షరతు. మరో కంపెనీలో రెండు సింగిల్స్ పాడింది. ఆడలేదు. ఎలా ఆడతాయి? కొనేవాళ్లకు ఆమె ఎవరో చెప్పే వీలే లేదు. ఇల్లు పోయింది. కొంతకాలం ప్రభుత్వ సాయంతో పిల్లల్ని పోషించింది. 1976 ఫిబ్రవరి 22న గుండె రక్తనాళంలో రక్తం గడ్డకట్టి చనిపోయింది. వయసు ముప్ఫై రెండు.

మేరీ చివరిదాకా సుప్రీమ్స్‌లోనే ఉంది. 1977లో బృందం ముగిసింది. 1986లో తన జ్ఞాపకాలను పుస్తకంగా రాస్తే అది బాగా అమ్ముడైంది. అసలు సభ్యులు ఒక్కరూ లేకుండా పాతబృందాల పేర్లతో కచేరీలు చేసేవాళ్లను అడ్డుకునే చట్టాల కోసం అమెరికాలో పలు రాష్ట్రాలు తిరిగి వాదించింది. 2000లో సుప్రీమ్స్ పేరు మీద పెద్ద యాత్ర తలపెట్టారు. డబ్బు దగ్గర కుదరక మేరీ రాలేదు. డయానా వేరేవాళ్లతో బయల్దేరింది. టికెట్లు అమ్ముడుపోక మధ్యలోనే ఆపేశారు. పేరొక్కటీ సరిపోదని జనం ఆ ఒక్కసారి చెప్పారు. మేరీ 2021 ఫిబ్రవరిలో కన్నుమూసింది.

సుప్రీమ్స్ కథను పోలిన ‘డ్రీమ్‌గర్ల్స్’ నాటకం 1981లో బ్రాడ్‌వేకు, 2006లో సినిమాగా తెరకు వచ్చింది. సినిమాలో ముందుకొచ్చే గాయని పాత్ర బియాన్సేది. ఆమె స్వయంగా ‘డెస్టినీస్ చైల్డ్’ అనే బృందంలో పుట్టి, 2003లో సోలో ఆల్బంతో తార అయినది. వెనక్కి నెట్టబడే గాయనిగా వేసిన జెన్నిఫర్ హడ్సన్‌కు ఆస్కార్ వచ్చింది. కథలో ఓడిన మనిషికి అవార్డుల రాత్రి గెలుపు దక్కింది.

టీవీ పాటల పోటీల్లో నాలుగు వారాలు పాడిన ఆడపిల్లలు నా దగ్గరికి పాఠానికి వస్తుంటారు. బ్యాండులో ఉండాలా, సోలోగా వెళ్లాలా అని అడుగుతారు. వెళ్లమనే చెబుతాను. ముందు మైకు కోరుకోవడం పాపం కాదు. డయానా అది కోరుకుంది, దానికి తగ్గ కష్టమూ పడింది. నేను కూడా కోరుకున్నదాన్నే, దక్కలేదంతే. కానీ వెళ్లే ముందు కాగితం చదవమంటాను. ఈ బృందం పేరు ఎవరిది? నేను మానేసినా నా పాట నాదని చెప్పుకోవచ్చా? చివరి మిక్సింగ్ ఎవరి చేతిలో ఉంటుంది? ఫ్లోరెన్స్ ఈ మూడూ సంతకం పెట్టాక తెలుసుకుంది. మేరీ మొదటిదాని కోసం జీవితమంతా పోరాడింది. డయానాకు మూడోది చేతికి రావడానికి పదహారేళ్లు పట్టింది.

నాలుగో ప్రశ్న ఒకటుంది, దాన్ని పిల్లలెవరూ వాళ్లంతట వాళ్లు అడగరు. నా వెనక పాడేవాళ్ల పేర్లు ఎక్కడ వేస్తారు? ఇప్పుడు యూట్యూబులో పాట కింద ఎంత రాసినా చోటు తరగదు. ‘బృందం’ అని సరిపెట్టాల్సిన పని లేదు. ముందు మైకు దక్కిన పిల్ల ఆ పేర్లు వేయించకపోతే పాఠం సగమే వచ్చిందని నా దగ్గర లెక్క.